రోము చూడాలని మిర్యాలగూడ ఉత్తరం

ఈ వారం మిర్యాలగూడ పాఠకుడొకరు రాశారు. రైసుమిల్లులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, మొన్ననే మానేశారట.

'పెళ్లైన కొత్తలో "రోమన్ హాలిడే" క్యాసెట్టు చూసిన దగ్గర్నుంచీ మా ఆవిడ రోము చూపించమంటోంది. ఇప్పటికి నాలుగు డబ్బులు కూడాయి. కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కోదాడ అల్లుడు తొమ్మిది రోజుల్లో ఏడు రాజధానులు తిరిగే టూరు కట్టమంటున్నాడు. సూర్యాపేట బావమరిది అసలంతా దండగంటున్నాడు. మీరేమంటారు?'

అయ్యా, అల్లుడి మాట వినకండి! ఏడు రాజధానులంటే మీరు చూసేది బస్సు కిటికీనే. ఆ రోజులన్నీ ఒక్క రోముకే ఇవ్వండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూడండి. మధ్యాహ్నం ఆవిడ్ని పడుకోనివ్వండి. కొలోసియం టిక్కెట్లు ముందే కొనుక్కోండి. వీసాకి ఆర్నెల్ల ముందునుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. అక్కడి జూలై ఎండ తక్కువదేం కాదు, అక్టోబరు మేలు.

ఇంకో సంగతి. 1953 నాటి ఆ చిత్రంలో ఆడ్రీ హెప్‌బర్న్ ఐస్‌క్రీమ్ తిన్న స్పానిష్ మెట్ల మీద ఇప్పుడు కూర్చోనివ్వరు. 2019 నుంచి జరిమానా వేస్తున్నారు. ఆవిడకి ఇక్కడే చెప్పండి, అక్కడికెళ్లి చెబితే మనసు చివుక్కుమంటుంది.

ఇక బావమరిదిగారికి: మన నాగార్జునకొండ తవ్వకాల్లో రోము బంగారు నాణేలు దొరికాయి. ఏనాడో వాళ్ల డబ్బు మన కృష్ణ ఒడ్డుకొచ్చింది. ఇన్నాళ్లకి మన డబ్బు కాస్త అటెళితే తప్పేంటండీ?

తిరిగొచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి ఆవిడ చేత రాయించండి.