గల్ఫ్‌లో యజమాని, టోలీచౌకిలో కిరాయి ఇల్లు: మధ్యలో హిసాబ్ ఎవరిది?

రియాద్‌లోనో దమ్మామ్‌లోనో ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించిన డబ్బు మన కుటుంబాల్లో ఎక్కడికి పోయిందో ఎవర్నీ అడగక్కర్లేదు. టోలీచౌకి, మెహదీపట్నం, మలక్‌పేట, బండ్లగూడ గల్లీల్లో లేచిన రెండంతస్తులు, మూడంతస్తుల ఇళ్లు చూస్తే తెలుస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కడపలోనూ ఇంతే. బ్యాంకు వడ్డీ చాలామంది ముట్టరు, షేర్ల మీద నమ్మకం లేదు. కింద ఒక వాటా మనకి ఉంచుకుని పైవి కిరాయికి ఇస్తే అదే పెన్షన్, అదే పిల్లల ఫీజు, అదే రేపటి పెళ్లి ఖర్చు.

కానీ ఇల్లు కట్టినవాడు అక్కడ, కిరాయి వసూలు చేసేది ఇక్కడ. మామూ కావచ్చు, బావమరిది కావచ్చు, గల్లీ చివర బ్రోకర్ కావచ్చు. కాగితం ఉండదు, నెలనెలా లెక్క ఉండదు. ఇప్పుడు ఇదే పనిని ఫీజు తీసుకుని చేసే ప్రాపర్టీ మేనేజర్లు, కంపెనీలు నగరంలో పెరిగాయి. కిరాయిదారుని వెతకడం, అగ్రిమెంట్ రాయించడం, కిరాయి వసూలు, రిపేర్లు, ఖాళీ చేయించడం అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు. "సొంతవాళ్లు ఉండగా బయటివాడికి డబ్బులెందుకు?" అన్నది మన ఇళ్లలో మొదటి మాట. ఆ మాట సరైనదేనా, కాస్త లోతుగా చూద్దాం.

ముందు మామూ సంగతి. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో గొడవ దొంగతనం వల్ల రాదు, ఉచిత చాకిరీ వల్ల వస్తుంది. అర్ధరాత్రి మోటార్ కాలిపోయిందని కిరాయిదారు ఫోన్ చేస్తే లేచి వెళ్లేది మామూనే. పెట్రోల్ డబ్బులు అడగడానికి ఆయనకి మొహమాటం. మూడు నెలలు వాటా ఖాళీగా ఎందుకుందో అడగడానికి మేనల్లుడికి మొహమాటం. ఇద్దరూ మింగుతూ పోతారు. అయిదేళ్ల తర్వాత ఏ వలీమా భోజనాల దగ్గరో ఒక మాట జారుతుంది. "నీ ఇంటికి కాపలా కుక్కలా తిరిగాను" అని ఒకరు, "నా కిరాయి ఎంత తిన్నావో నాకు తెలుసు" అని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా ఒక్క రసీదు ఉండదు. ఇల్లు మిగులుతుంది, రిష్తా పోతుంది.

ఫీజు ఎక్కువా, ఖాళీ ఎక్కువా?

లెక్క వేసి చూద్దాం. నెలకి 25,000 కిరాయి వచ్చే ఫ్లాట్‌కి మేనేజర్ 8 శాతం అడిగాడనుకోండి. అంటే 2,000. అతను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడైతే 18 శాతం కలిపి 2,360. ఏడాదికి 28,320. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఆ ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 25,000. అంటే ఏడాదిలో దాదాపు 34 రోజుల ఖాళీని తప్పించగలిగితే మేనేజర్ ఫీజు వచ్చేసినట్టే. తప్పించలేకపోతే దండగ. పక్కా కిరాయిదారు ఆరేళ్లుగా ఉంటూ ఒకటో తారీఖునే డబ్బు వేస్తున్న ఇంటికి మేనేజర్ అనవసరం. మూడు నాలుగు వాటాలుండి, ఏటా మనుషులు మారుతూ, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ బకాయిలు పేరుకుపోతున్న ఇంటికి మాత్రం పనికొస్తాడు. జీహెచ్‌ఎంసీలో ప్రాపర్టీ ట్యాక్స్ ఏప్రిల్‌లో ముందే కట్టినవాళ్లకి 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు, ఆలస్యమైతే నెలకి 2 శాతం చొప్పున వడ్డీ వేశారు. ఇలాంటి చిన్నచిన్న తేదీలు గుర్తుపెట్టుకునే మనిషి ఇక్కడ లేకపోవడం వల్లే చాలా డబ్బు పోతుంది.

ఇంకో సంగతి. ఈ ఫీజుని ఆదాయపు పన్నులో విడిగా ఖర్చు కింద చూపించుకోవడం కుదరదు. మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలిన కిరాయిలో 30 శాతం తగ్గింపు ఎలాగూ ఇస్తారు. మీరు ఖర్చు పెట్టినా, పెట్టకపోయినా అంతే. కాబట్టి ఫీజు పూర్తిగా జేబులోంచే అనుకోవాలి.

చట్టం ఏమంటుంది?

మామూ అయినా, కంపెనీ అయినా, మీ తరఫున కిరాయి వసూలు చేసేవాడు చట్టం దృష్టిలో ఏజెంట్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. అడిగినప్పుడు లెక్క చెప్పాలి, వసూలైన డబ్బు తనకి రావలసింది పట్టుకుని మిగతాది అప్పజెప్పాలి. మీకు తెలియకుండా ఆ పనిలో సొంత లాభం చూసుకుంటే ఆ లాభం మీదే అని అడగొచ్చు. ఉదాహరణకి మీ వాటాని తనే 15,000కి తీసుకున్నట్టు చూపించి, వేరేవాళ్లకి 20,000కి ఇచ్చాడనుకోండి. ఆ తేడా అడిగే హక్కు మీకుంది. మన పెద్దలు అమానత్ అని దేన్నయితే అంటారో, అదే ఇక్కడ సెక్షన్ల భాషలో రాసి ఉంది. తేడా ఒక్కటే, కోర్టులో నిలబడాలంటే కాగితం కావాలి.

కిరాయిదారుతో గొడవ వస్తే పరిస్థితి వేరు. తెలంగాణలో ఇప్పటికీ ఉన్నది 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టమే. 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500 రూపాయలు దాటిన కిరాయిలు దాని కిందికి రావు. ఈరోజుల్లో హైదరాబాద్‌లో 3,500కి ఏం దొరుకుతుంది? ఒక రూము కూడా కష్టం. అంటే మన ఇళ్లలో దాదాపు అన్నీ ఆ చట్టానికి బయటే, ఖాళీ చేయించాలంటే సివిల్ కోర్టుకే. నెలవారీ కిరాయి అయితే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఎవరు ఇచ్చారు, ఇచ్చే అధికారం అతనికి ఉందా అన్నది అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న. జబానీగా "నువ్వు చూసుకో మామూ" అన్నది అక్కడ చెల్లదు.

కేంద్రం 2021 జూన్‌లో మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకి పంపింది. అందులో ప్రాపర్టీ మేనేజర్ గురించి ప్రత్యేకంగా రాశారు. రసీదు ఇచ్చి కిరాయి తీసుకోవడం, అవసరమైన రిపేర్లు చేయించడం, అప్పుడప్పుడు ఇల్లు చూసి రావడం, కిరాయి పెంపు, ఖాళీ చేయడం, గడువు పొడిగింపు లాంటి వాటికి నోటీసులివ్వడం అతని పనులు. యజమాని మాట కాదని ప్రవర్తిస్తే రెంట్ కోర్టు అతన్ని తీసేయొచ్చు, నష్టం కట్టించొచ్చు. ఎంత గొడవున్నా నీళ్లు, కరెంటు కట్ చేసే అధికారం యజమానికీ లేదు, మేనేజర్‌కీ లేదు. ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించకూడదు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా మేనేజర్‌తో మనం రాసుకునే ఒప్పందానికి ఇంతకంటే మంచి నమూనా వెతకనక్కర్లేదు.

అసలు ప్రమాదం పవర్ ఆఫ్ అటార్నీలో ఉంది. తొందరలో, సెలవు అయిపోతోందని, ఎవరో టైప్ చేసిన జనరల్ పవర్ మీద సంతకం పెట్టి ఫ్లైట్ ఎక్కేస్తారు. అందులో అమ్మడం, తాకట్టు పెట్టడం, డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం అన్నీ ఉంటాయి. కిరాయి వసూలుకి ఇవేవీ అక్కర్లేదు. కిరాయి, రిపేర్లు, బిల్లులు, నోటీసులు, కోర్టు కేసు, ఇంతవరకే రాసిన స్పెషల్ పవర్ చాలు. విదేశంలో ఉండి రాస్తే ఇండియన్ ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ అటెస్టేషన్ చేయించాలి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ మూడు నెలల సంగతి తెలియక బీరువాలోనే పడి ఉన్న పవర్లు ఎన్నో.

పన్ను విషయంలో ఇంకో చిక్కు. యజమాని ఎన్నారై అయితే కిరాయి ఎంత చిన్నదైనా సరే, కిరాయిదారు అందులోంచి టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. మామూలు రేటు 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం. దీనికి కిరాయిదారు టాన్ నంబర్ తీసుకోవాలి. పన్నెండు వేల కిరాయికి ఉండే ఆటో డ్రైవర్ ఇవన్నీ చేస్తాడా? చేయడు. అందుకే కిరాయి ఇక్కడి బంధువు ఖాతాలో వేయిస్తారు. రేపు ఆ బంధువుకి నోటీసు వస్తే ఆ డబ్బు ఎవరిదని చెప్పుకోవాలి? తక్కువ టీడీఎస్ కోసం యజమాని ముందే సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఎక్కువ కోసింది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కిరాయి యజమాని ఎన్‌ఆర్‌వో ఖాతాలోకి నేరుగా రావాలి. ఈ ఏర్పాటు చేయలేని మేనేజర్‌కి ఫీజు ఇచ్చి లాభం లేదు.

అబ్బా పోయాక

యజమాని బతికున్నంతకాలం సర్దుకుపోయిన లెక్క, ఆయన పోయాక నిప్పులా బయటపడుతుంది. మన వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆస్తి అనే పద్ధతి లేదు. తండ్రి చనిపోయిన ఘడియ నుంచే ప్రతి వారసుడి వాటా వాళ్లది. పిల్లలుంటే అమ్మకి ఎనిమిదో వంతు, మిగతాదాంట్లో కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒకటి. ఇల్లు పంచుకోకపోయినా కిరాయి ఆ రోజు నుంచి ఆ లెక్కనే పంచాలి. జరుగుతున్నదేంటి? పెద్దన్న వసూలు చేస్తాడు, ఈద్‌కి చెల్లెళ్లకి జత బట్టలు పంపుతాడు, కిరాయి ఊసే రాదు. అడిగిన చెల్లెలు చెడ్డదవుతుంది.

నా దృష్టిలో ప్రాపర్టీ మేనేజర్ అందరికంటే ఎక్కువ పనికొచ్చేది ఇక్కడే. బయటివాడు కాబట్టి అన్నకి భయపడడు. అయిదుగురు వారసుల అయిదు ఖాతాలకి, అయిదు వాటాలు, నెలకి ఒక స్టేట్‌మెంట్. షాదీ అయి గుంటూరులోనో జెడ్డాలోనో ఉన్న చెల్లెలికి కూడా అదే రోజు అదే కాగితం అందుతుంది. పన్ను కూడా ఎవరి వాటాకి వాళ్లదే.

కంపెనీ పేరు పెద్దదని మాత్రం మురిసిపోవద్దు. 2015లో బెంగళూరులో మొదలై దేశమంతా పేరు తెచ్చుకున్న నెస్ట్‌అవే చివరికి 2023లో ఆరమ్ ప్రాప్‌టెక్ చేతికి వెళ్లింది. కంపెనీలు చేతులు మారతాయి, మూతపడతాయి. కాబట్టి అడ్వాన్స్ డబ్బు వాళ్ల దగ్గర ఉంచకండి. అది రేపు కిరాయిదారుకి మీరు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, మీ ఖాతాలోనే ఉండాలి. రిపేర్లకి ఒక పరిమితి పెట్టండి, అది దాటితే ఫొటో, కొటేషన్ పంపి అడిగాకే చేయించాలని రాయించుకోండి. పేరు వినగానే "ఇల్లు అయిపోయిందండీ" అనిపించుకున్న అనుభవం మనలో ఎంతమందికి లేదు? మీ మేనేజర్ మీ పేరు మీద అదే మాట ఇంకొకరితో అనకుండా చూసుకోవడం కూడా మీ పనే.

మామూని తప్పించి మేనేజర్‌ని పెట్టాలనుకుంటే పాత పవర్‌ని రాతపూర్వకంగా రద్దు చేయాలి, రిజిస్టర్ అయిన పవర్ అయితే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. మామూకి చెబితే సరిపోదు. రద్దు సంగతి కిరాయిదారుకి తెలిసేవరకు ఆయన మామూ చేతికిచ్చిన కిరాయి మీకిచ్చినట్టే లెక్క. అందుకే కిరాయిదారుకి అదే రోజు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం, వాట్సాప్‌లో దాని ఫొటో పంపండి. దానికంటే ముందు మామూకి మీరే ఫోన్ చేయండి. ఇన్నేళ్లూ ఆయన జేబులోంచి పెట్టిన ఖర్చు ఎంతో అడిగి, చెప్పింది చెప్పినట్టు ఇచ్చేయండి.