ఐసు కింద చేప

మా పత్తికొండ వైపు ఐసు కనబడేది రెండే చోట్ల: నిమ్మకాయ సోడా బండి మీదా, చేపలమ్మే గంపలోనూ. ఏ వేసవి సాయంకాలమో ఆకాశం దయతలచి నాలుగు వడగళ్ళు రాల్చినా, పిల్లలు గిన్నెలు తెచ్చేలోపలే కరిగిపోతాయి. కనుక చేప మీద ఐసు మేమెరుగుదుం. ఐసు కింద చేప అంటేనే కొంచెం ఆలోచించవలసి వస్తుంది.

కాని అటువంటి సీమలున్నాయి. మన పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ వెళ్ళి కాపురాలు పెట్టిన అమెరికాలోనే మినెసోటా అని ఒక రాష్ట్రం ఉంది. పదివేల సరస్సుల సీమ అని దానికి ముద్దుపేరు. శీతకాలం వచ్చిందంటే ఆ సరస్సులు గడ్డకట్టి గచ్చు చేసిన నేలల్లా తయారవుతాయి. అక్కడి జనం ఆ గచ్చుమీద నడిచివెళ్ళి, వడ్రంగి బర్మాను పదింతలు చేసినట్టుండే పనిముట్టుతో జానెడు వెడల్పు కన్నం తొలిచి, అందులోకి గాలం వదిలి కూర్చుంటారు. కన్నంలో నీళ్ళు మళ్ళీ పేరుకుంటూ ఉంటాయి గదా! మన ఆడవాళ్ళు బూరెలు తీసే చిల్లుల గరిటె వంటిదానితో ఆ పలుకులు తోడిపోస్తూ ఉంటారు. కొందరు గాలానికి చిన్న జెండా ఒకటి అమరుస్తారు. కింద చేప లాగిందా, పైన జెండా టక్కున లేచి నిలబడుతుంది.

వాళ్ళు ఆశపడే చేపల్లో ముఖ్యమైనది పైక్. బాతు ముక్కు వంటి మూతి, దాన్నిండా పళ్ళు. గజం పొడవు దాటి కూడా పెరుగుతుంది. నాచులో కదలకుండా పొంచి ఉండి, పక్కనుంచి పోయే చేపను ఒక్క దూకుతో పట్టేస్తుంది.

సరస్సు గడ్డకడితే అందులో చేప ఎట్లా బతికింది? ఇందులో తమాషా ఉంది. పేరుకున్న నెయ్యి ముద్దను కరిగిన నేతిలో వేస్తే అడుక్కు పోతుంది. ఐసు ముక్కను నీళ్ళలో వేస్తే తేలుతుంది. నీరు అన్నిటికంటె బరువుగా ఉండేది 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర. ఆ నీరు అడుగున నిలుస్తుంది. అంతకంటె చల్లనిది పైకి చేరి గడ్డకడుతుంది. ఆ గడ్డే కింది నీటికి దుప్పటి. ఐసు మునిగేదే అయితే సరస్సు అడుగునుంచి గడ్డకట్టుకుంటూ వచ్చేది, చేపకు తావే ఉండేది కాదు.

మా వైపు చేప తీరు దీనికి ఎదురు. ఇక్కడ దానికి చలి బాధ లేదు, ఎండ బాధ. హంద్రీ-నీవా కాలువ వచ్చి, శ్రీశైలంనుంచి కృష్ణ నీళ్ళు పందికోన జలాశయానికి చేరుతున్నా, ఊళ్ళ పక్క కుంటలు నేటికీ వానను నమ్ముకున్నవే. చైత్ర వైశాఖాల్లో అవి ఇంకి ఇంకి బురద మిగులుతుంది. ఆ బురదలోనూ ప్రాణం నిలుపుకునేది కొర్రమీను. పాము తల, నల్లని వీపు. ఇదీ పైక్ లాగే తోటి చేపలనూ కప్పలనూ మింగే జాతి. మొప్పలకు పైన, తలలో, గాలి పీల్చుకునే అర ఒకటి దానికి ఉంది. ఉండి ఉండి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగిపోతుంది. పైకి రానివ్వకుండా అడ్డుపెడితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. కనుక మన కొర్రమీనును మినెసోటా సరస్సులో వేస్తే చలి వదిలిపెట్టినా ఐసు మూత వదలదు. వాళ్ళ పైక్‌ను మా కుంటలో వేస్తే వైశాఖం దాటదు.

ఈ సంగతులు చేపలు పట్టే తాత ఒకడికి చెప్పాను. అతనికి కొర్రమీను మీద ఆశ్చర్యం లేదు గాని, ఐసు మీద నమ్మకం కుదరలేదు.

"నీళ్ళమీద నడుస్తారా సామీ?"

"నడవడమేమిటి తాతా, బాగా మందంగా కడితే కార్లు కూడా తోలుతారు."

"పగిలితేనో?"

"మనిషి నడవాలంటే నాలుగంగుళాల గట్టి ఐసు ఉండాలని లెక్క. కొలుచుకునే అడుగు వేస్తారు."

తాత కాసేపు ఊరకున్నాడు. "మంచిదే. వాళ్ళకు కొలత ఉంది. మన కుంటకు కొలత ఏదీ?" అన్నాడు.

అతని బాధ ఇదీ. తొలకరి పడి, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాలు వెదికే రోజుల్లోనే, కుంటలో కొర్రమీను జంట ఒడ్డువారగా నాచు తప్పించి గుడ్లు పెట్టే పనిలో ఉంటుంది. పిల్లలు పుట్టాక తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఎర్రెర్రని పిల్లలు గుంపుగా నీటిమీద తిరుగుతుంటే, కింద పెద్ద చేప ఉన్నదని ఎవరికైనా తెలుస్తుంది. అక్కడ కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే పెద్దది ఎగిరి పడుతుంది. ఆకలికి కాదు, పిల్లల మీదికి శత్రువు వచ్చాడని. దాన్ని లాగేశాక ఆ పిల్లలు ఎవరికి వారే, ఎదురైన చేపకు ఆహారం. ఒక గాలానికి పడింది ఒక చేప కాదు, ఒక సంసారం.

మినెసోటాలో మనిషికి శీతకాలపు గాలాలు రెండే అని చట్టం. ఐసు కరిగే వేళ పైక్ గుడ్లు పెడుతుంది కనుక, ఆ రాష్ట్రంలోపలి సరస్సులలో ఫిబ్రవరి చివరినుంచి మే నెల నడిమిదాకా దాన్ని పట్టరాదు. మన సముద్రతీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం.

ఇదంతా నేటి తెలివి అనుకోనక్కరలేదు. పత్తికొండ ప్రాంతంలోనే రాజుల మండగిరిలోనూ ఎర్రగుడిలోనూ బండలమీద అశోకుని శాసనాలున్నాయి. తన వంటయింటికోసం జరిగే జీవహింసను తగ్గించిన సంగతి ఎర్రగుడి శాసనాలలో ఉంది. ఉత్తరాదిన స్తంభాలమీద చెక్కించిన శాసనాలలో అయిదవది ఇంకా ముందుకు పోయి, ఫలానా దినాల్లో చేపను చంపరాదు, అమ్మరాదు అని తిథులతో సహా నిర్ణయించింది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దపు మాట! అమ్మరాదనడంలోనే కిటుకు ఉంది. కొనేవాడు లేకపోతే గాలం తనంతట తానే ఒడ్డున పడుతుంది.

కుంట కుంటకూ కాపలా పెట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. గంప ముందు నిలబడేది మాత్రం మనమే. మృగశిర ప్రవేశించిన నాడు చేప తినాలని చాలా ఇళ్ళలో పట్టుదల. తినవద్దనను. తొలకరి నెలల్లో పెద్ద కొర్రమీను కనబడితే, "చెరువులో పెంచిందా అమ్మా, కుంటలో పట్టిందా?" అని ఒక్క మాట అడగండి. పెంచినవీ దొరుకుతున్నాయి, వాటిని కొనండి. చేపలమ్మి విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి. పదిమంది అడిగితే, పదకొండోవారికి ఆమే ముందుగా చెబుతుంది.