బాటిల్ స్పెక్స్‌లో లేని లైను: దీన్ని కడిగే బ్రష్ ఏది?

2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12 బాక్సులోంచి యాపిల్ ఛార్జర్ తీసేసినప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుంది కదా. "అంత డబ్బు పెట్టి కొన్న వస్తువు రోజూ పనిచేయాలంటే అవసరమైనది బాక్సులోనే ఉండాలి" అన్నది అందరి వాదన. నాకూ అది న్యాయంగానే అనిపించింది.

ఇప్పుడు అదే వాదనని వాటర్ బాటిల్ మీద పెట్టి చూడండి. వెయ్యి, పదిహేను వందలు పెట్టి డబుల్ వాల్ స్టీల్ బాటిల్ కొంటాం. మూత మీద టెంపరేచర్ డిస్‌ప్లే ఉన్నవి, నీళ్లు తాగమని ఫోన్‌కి నోటిఫికేషన్ పంపేవి, యూవీ లైటుతో తనను తాను శుభ్రం చేసుకుంటానని చెప్పేవి కూడా ఉన్నాయి. ఇవన్నీ గ్యాడ్జెట్లే, మేం రివ్యూ చేసేవే. కానీ వీటిని రోజూ కడగాలి. కడగడానికి కావలసిన బ్రష్ చాలా బాక్సుల్లో ఉండదు. అంతకంటే ఘోరం, ఏ సైజు బ్రష్ పడుతుందో చెప్పే కొలత స్పెక్స్ షీట్‌లో కూడా కనిపించదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. సన్నమూతి బాటిల్‌కి బ్రష్ అనేది యాక్సెసరీ కాదు, ఆ బాటిల్‌లో ఒక భాగం. బాటిల్ గీసిన డిజైనరే బ్రష్ కూడా గీయాలి.

మూతి ఎందుకు సన్నగా ఉంటుంది?

దీనికి కారణం స్టైల్ కాదు, ఫిజిక్స్. 1892లో జేమ్స్ డ్యూయర్ చేసిన వాక్యూమ్ ఫ్లాస్క్ సూత్రమే ఇప్పటి స్టీల్ బాటిల్‌లోనూ ఉంది. రెండు గోడలు, మధ్యలో గాలి లేని ఖాళీ. ఆ రెండు గోడలు ఒకదాన్నొకటి తాకేది మూతి అంచు దగ్గర మాత్రమే. కాబట్టి వేడి బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా ప్రధానంగా రెండే దారులు: ఆ అంచు లోహం, దాని మీద మూత.

మూతి వ్యాసం 28 మి.మీ. నుంచి 56 మి.మీ.కి పెంచితే అంచు చుట్టుకొలత రెట్టింపు అవుతుంది, మూత కిందున్న వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే "24 గంటలు చల్లగా" అని బాక్సు మీద వేయాలంటే కంపెనీ మూతిని తగ్గిస్తుంది. మనం ఆ గంటల నంబర్ చూసి మురిసిపోయి కొనేస్తాం. ఆ నంబర్ కోసం ఇచ్చుకున్నది ఏంటో సింక్ దగ్గర తెలుస్తుంది. చెయ్యి లోపలికి పోదు, స్క్రబ్బర్ పోదు, లోపల ఏముందో కంటికీ కనపడదు.

కూల్‌డ్రింక్ పెట్ బాటిళ్ల సంగతీ అంతే. 28 మి.మీ. అని పిలిచే ఆ మెడ లోపలి కంత దాదాపు 22 మి.మీ. మాత్రమే. అవి ఒకసారి వాడి పారేయడానికి చేసినవి కాబట్టి కడగడం ఎవరి లెక్కలోనూ లేదు. మన ఇళ్లలో మాత్రం అవి నెలల తరబడి ఫ్రిజ్ తలుపులో నీళ్లు మోస్తూనే ఉంటాయి.

మామూలు గుండ్రటి బ్రష్ ఎక్కడ ఓడిపోతుంది?

షాపులో దొరికే బ్రష్ మీకు తెలిసిందే. రెండు తీగలు మెలేసి, మధ్యలో నైలాన్ పోగులు ఇరికించి, గుండ్రంగా కత్తిరించి ఉంటుంది. గ్లాసుకైతే బాగానే పనిచేస్తుంది. సన్నమూతి బాటిల్ దగ్గర దాని లెక్క తప్పుతుంది.

ఉదాహరణకి మూతి లోపలి వ్యాసం 28 మి.మీ., పొట్ట లోపలి వ్యాసం 70 మి.మీ. అనుకుందాం. నిటారుగా దించిన బ్రష్ పోగు పొట్ట గోడని తాకాలంటే నడిమి నుంచి 35 మి.మీ. పొడవుండాలి. మెడ గోడని తాకడానికి 14 మి.మీ. చాలు. ఒకే మందం ఉన్న పోగు ఎంత గట్టిగా నిలబడుతుందనేది దాని పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది. పొడవు రెండున్నర రెట్లయితే గట్టితనం 15వ వంతుకి పడిపోతుంది. అంటే మెడ దగ్గర గట్టిగా రుద్దే పోగే, పొట్ట దాకా పొడుగు చేస్తే గోడని నిమిరి వదిలేస్తుంది.

సరే, పోగుల్ని లావు చేద్దాం. మందం రెట్టింపైతే గట్టితనం 16 రెట్లు పెరుగుతుంది, కాబట్టి పోయింది తిరిగొస్తుంది. కానీ ఇప్పుడు ఆ లావు పోగులన్నీ ఒకేసారి మడుచుకుని 28 మి.మీ. కంతలోంచి దూరాలి. దూరవు. బలవంతంగా తోస్తే లోపలికి పోతాయి, లాగేటప్పుడు ఎదురు తిరిగి మన మొహం మీద నీళ్లు చిమ్ముతాయి. పోగులు తగ్గిస్తే దూరుతుంది గానీ రుద్దదు. ఈ చిక్కుముడి చిన్నదేం కాదు. బ్రష్ తల ఎంత పెద్దదిగా ఉండొచ్చో నిర్ణయించేది మూతి, ఎంత పెద్దదిగా ఉండాలో నిర్ణయించేది పొట్ట.

దీనికి చాలామంది చేసే ఉపాయం బ్రష్‌ని వాల్చడం. సన్నటి బ్రష్ దించి, పక్కకి వంచి గోడకి ఆనించి తిప్పుతాం. పొట్ట కింది భాగానికి ఇది పనికొస్తుంది. కానీ కాడ మెడలోనే ఆధారపడి వాలుతుంది కదా. మెడ పొడవు 40 మి.మీ., కాడ మందం 6 మి.మీ. అనుకుంటే, 40 మి.మీ. లోతుకి అది పక్కకి జరగగలిగేది 22 మి.మీ. మెడ దాటి 20 మి.మీ. దిగిన చోట జరిగేది 11 మి.మీ. మాత్రమే. అంటే మెడకి సరిగ్గా కింద, బాటిల్ వెడల్పు తిరిగే భుజం దగ్గర, బ్రష్ చేరనే చేరదు.

మీ పాత బాటిల్‌లోకి ఫోన్ ఫ్లాష్‌లైట్ వేసి, ఏటవాలుగా పెట్టి ఆ భుజం వైపు చూడండి. జిగురు పొర గానీ, బోరునీళ్ల తెల్ల సున్నం గానీ ఎక్కువగా మిగిలేది అక్కడా, అడుగున గోడ కలిసే మూలలోనూ. బ్రష్‌కి అసలు పరీక్ష ఈ రెండు చోట్లే.

మరి ఎలాంటి బ్రష్ కావాలి?

నేనైతే ఇలా గీస్తాను.

తల: ఒకే గుండ్రటి కుచ్చు కాదు, మూడు భాగాలు. కొసన విసనకర్రలా తెరుచుకునే చిన్న కుచ్చు, అడుగు మూల కోసం. దాని పైన ఒకవైపే ఎక్కువగా పోగులున్న సన్నటి వరస, గోడ కోసం. అన్నిటికంటే పైన, పిడి వైపుకి వాలి ఉన్న పొట్టి గట్టి పోగులు, భుజం కోసం. బ్రష్‌ని పైకి లాగుతూ తిప్పితే ఇవి భుజాన్ని కిందినుంచి పైకి గీరాలి.

కాడ: నిటారుగా వద్దు. తలకి కాస్త పైన చిన్న వంపు ఉండాలి, మెడలోంచి దూరేటప్పుడు సాగి, లోపలికి పోగానే మళ్లీ వంపు తిరగాలి. అప్పుడు చెయ్యి పెద్దగా వాల్చకుండానే భుజం అందుతుంది. కాడ పొడవు బాటిల్ లోతు కంటే కనీసం ఒక పిడికిలి ఎక్కువుండాలి. లేకపోతే బొటనవేలు మూతికి కొట్టుకుంటుంది.

పిడి: వంపు ఎటు తిరిగి ఉందో స్టీల్ బాటిల్‌లో కంటికి కనపడదు. అందుకే పిడి గుండ్రంగా ఉండకూడదు. వంపు ఉన్న వైపే బొటనవేలికి ఒక చదునైన చోటివ్వాలి. చెయ్యి దాన్ని చూసుకుంటుంది.

పోగు: నైలాన్ అంతా ఒకటి కాదు. నైలాన్ 6 నీళ్లు బాగా పీల్చుకుని తడిలో మెత్తబడుతుంది. నైలాన్ 6.12 తక్కువ పీలుస్తుంది, పీబీటీ ఇంకా తక్కువ. షాపులో పొడిగా పట్టుకుని "గట్టిగానే ఉంది" అనుకున్న బ్రష్ వారానికే పిల్లితోకలా వాలిపోతుందంటే ఇదొక కారణం. ప్యాకెట్ మీద పోగు ఏ రకమో రాయడం కంపెనీకి పెద్ద పనేం కాదు.

కొస: మెలేసిన తీగ బ్రష్‌లో కత్తిరించిన తీగ కొస బయటికి ఉంటే స్టీల్‌ని గీస్తుంది, తుప్పు కూడా అక్కడినుంచే మొదలవుతుంది. కొసని వెనక్కి మడవాలి లేదా తొడుగు వేయాలి. తీగ మెలికల మధ్య తడి నిలుస్తుంది కాబట్టి తలకిందులుగా వేలాడేలా కొక్కెం తప్పనిసరి.

పూర్తిగా సిలికాన్‌తో చేసిన బ్రష్‌లు త్వరగా ఆరతాయి, మురికి ఇరుక్కునే సందులు తక్కువ. ఆ గుణం నాకు ఇష్టమే. కానీ సిలికాన్ రెక్కలు లావుగా ఉంటాయి, సన్న మెడలోంచి పెద్దగా మడుచుకోవు, రుద్దే గుణమూ తక్కువ. స్పాంజ్ తల ఉన్నవి మెత్తగా గోడకి అంటుకుంటాయి గానీ తడి వదలవు. రెండు రోజులకే స్పాంజే వాసన కొడుతుంది.

"యూవీ ఉంది కదా, టాబ్లెట్ ఉంది కదా" అంటే?

లార్క్ లాంటి బాటిళ్లు మూతలో యూవీ-సీ ఎల్‌ఈడీ పెట్టి, బటన్ నొక్కితే నిమిషంలో నీళ్లని, లోపలి గోడని శుద్ధి చేస్తామంటున్నాయి. యూవీ-సీకి సూక్ష్మజీవుల్ని చంపే శక్తి ఉన్న మాట నిజం. కానీ వెలుగు పడిన చోటే దాని పని. పాల జిడ్డు, పళ్లరసం పొర కింద ఉన్నవాటికి ఆ పొరే గొడుగు. పైగా చచ్చిన పొర కూడా పొరే, గోడకే ఉంటుంది. దాన్ని ఊడదీయడానికి ఏదో ఒకటి రుద్దాలి.

నురగొచ్చే టాబ్లెట్లు, వెనిగర్, నిమ్మఉప్పు కూడా అంతే. సున్నాన్ని కరిగిస్తాయి, మురికిని వదులు చేస్తాయి. బ్రష్ పని సులువు చేస్తాయి తప్ప బ్రష్‌కి బదులు కావు. బ్లీచింగ్ మాత్రం స్టీల్‌లో వద్దు. అందులోని క్లోరిన్ స్టీల్ మీద సన్నటి గుంటలు పడేలా చేస్తుంది. డిష్‌వాషర్ ఉన్నా, కిందినుంచి కొట్టే నీటి ధార సన్న మూతిలోంచి భుజం వెనక్కి తిరగలేదు.

మా అమ్మ పద్ధతి వేరే. గుప్పెడు నూకలు, కాస్త ఉప్పు, సగం సీసా నీళ్లు వేసి మూతి మూసి గట్టిగా గిలకొడుతుంది. చిన్న సీసాలకి ఇది ఇప్పటికీ మంచి ఉపాయమే, బ్రష్ అందని భుజాన్ని కూడా నూకలు తాకుతాయి. లీటరు స్టీల్ బాటిల్‌ని రోజూ అలా గిలకొట్టాలంటే మాత్రం భుజం నొప్పే. ఈ మధ్య నా దగ్గరికి రివ్యూకి వచ్చిన బాటిల్ చేతిలో పట్టుకుని "ఫోను చీకట్లో ఫొటో ఎలా తీస్తుందో అంత వివరంగా చెప్తావు కదరా, ఇది ఎలా కడగాలో కూడా చెప్పు" అంది. ఈ వ్యాసం ఆవిడ అడిగినందుకే.

వెడల్పు మూతి కొంటే పోలా?

న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో, ఆఫీసు టేబుల్ మీద వాడేవాళ్లు అదే కొనండి. నాల్జీన్ లాంటి 63 మి.మీ. మూతిలోకి స్క్రబ్బర్ సుఖంగా పోతుంది. కానీ కదిలే బస్సులో, స్కూల్ వ్యాన్‌లో పిల్లలు వెడల్పు మూతితో తాగితే సగం నీళ్లు యూనిఫాం మీదే. రెండు మూతలున్న డిజైన్ మధ్యే మార్గం: తాగడానికి చిన్న మూతి, దాన్ని విప్పితే వెడల్పు నోరు. నాకు బాగా నచ్చేది ఇదే. కాకపోతే అక్కడ ఆ చిన్న మూతి సందులు, రబ్బరు రింగు గాడి కోసం ఇంకో సన్న బ్రష్ కావాలి. సమస్య మారిందే తప్ప పోలేదు.

పసిపిల్లల పాలసీసాల దగ్గర ఇది సౌకర్యం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సూచన ఏంటంటే, పాలసీసాలకి వాడే బ్రష్‌ని వేరే దేనికీ వాడకూడదు, ఆ బ్రష్‌ని కూడా కొన్ని రోజులకోసారి శుభ్రం చేయాలి. బ్రష్‌నే కడగాలంటున్నారంటే, అది కడగడానికి, ఆరడానికి వీలుగా ఉండటం డిజైన్‌లో భాగమే కదా.

కొనేముందు చేయాల్సిన పరీక్ష

జేబులోంచి పది రూపాయల నాణెం తీయండి. దాని వ్యాసం 27 మి.మీ. బాటిల్ మూతి మీద అడ్డంగా పెట్టి చూడండి, లోపల మాత్రం పడేయకండి. మూతి నాణెం కంటే చిన్నదైతే మామూలు గుండ్రటి బ్రష్‌తో ఆ బాటిల్ పొట్ట, భుజం శుభ్రపడటం కష్టం. షాపువాణ్ని దానికి సరిపడే బ్రష్ చూపించమని అడగండి. చూపించలేకపోతే, ఆ బాటిల్ ఎన్ని గంటలు చల్లగా ఉంచినా నేనైతే కొనమని చెప్పను.

కంపెనీలని అడిగేది కూడా పెద్దదేం కాదు. స్పెక్స్‌లో రెండు లైన్లు: మూతి లోపలి వ్యాసం, పొట్ట లోపలి వ్యాసం. బాక్సులో భుజం దాకా అందే ఒక బ్రష్. ఇకపై నేను రాసే ప్రతి బాటిల్ రివ్యూలో ఈ రెండు కొలతలూ నేనే కొలిచి ఇస్తాను, కడగడానికి విడిగా మార్కులు వేస్తాను. చల్లదనం గంటలు ఆ తర్వాతే.