తాళంచెవి ఒక్కరి దగ్గరేనా?

ఈ వారం ఉత్తరాలలో ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. "మా మహిళా సంఘం అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతోంది. పదిహేను కుటుంబాలకు అదే ఆధారం. కార్యదర్శిగారి భర్తకు బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయారు. మినపప్పు ఎవరి దగ్గర కొనేవారో, ఏ కొట్టువాడు ఎంత బాకీయో మాకెవరికీ తెలియదు. ఇక మూసెయ్యడమేనా?" అని ఒక సోదరి అడిగారు.

మూసెయ్యకండి. మీ సంఘంలో చేతులకు కొరత లేదు. తెలిసిన సంగతులన్నీ ఒక్కరి దగ్గరే వుండిపోయాయి, అంతే. మంచిరోజుల్లో ఈ లోపం కనపడదు. కష్టం వచ్చినప్పుడే బయటపడుతుంది.

ఈ సందర్భంలో గుజరాత్ స్త్రీల సంగతి చెప్పాలి. 1972 లో ఇళా భట్ గారు అహమ్మదాబాదులో 'సేవా' అనే సంఘం స్థాపించారు. కూరలమ్మేవారు, బరువులు మోసేవారు, బీడీలు చుట్టేవారు అందులో సభ్యులు. వడ్డీవ్యాపారుల బారినుంచి తప్పించుకోవడానికి 1974 లో 4,000 మంది తలా పదిరూపాయలు వేసుకుని సొంతంగా బాంకు పెట్టుకున్నారు. వేలిముద్రలవాళ్ళు బాంకెలా నడుపుతారని అధికారులు సందేహించారు. ఇళా భట్ గారు న్యాయశాస్త్రం చదివినవారు. వారందరి తరఫునా తామే పెత్తనం చేసి వుండవచ్చు. కాని ముందు నిలబడిన ఆ స్త్రీలు రాత్రంతా కూర్చుని సంతకం చెయ్యడం నేర్చుకున్నారు. చదువురానివారి గుర్తుకోసం పాసుపుస్తకంమీద ఫొటో అంటించే పద్ధతి పెట్టారు.

తర్వాత 1980ల చివర బనస్కాంఠా జిల్లాలో ఈ సంఘం పని మొదలెట్టింది. కరువు ప్రాంతం. అక్కడి స్త్రీలు తమ పెళ్ళినాటి అద్దాల కుట్టుబట్టలు వర్తకులు ఇచ్చిన ధరకు అమ్ముకుంటూ వుండేవారు. మన పల్లెల్లోనూ ఎరిగిన 'డ్వాక్రా' పథకం కింద వాళ్ళు బృందాలుగా చేరారు. దారం కొనడం, కుట్టు నాణ్యం చూడడం, ధర కట్టడం, లెక్క రాయడం — ఒకరికొకరు నేర్పుకున్నారు. కరువులో కుట్టుపని అన్నం పెట్టగలదని ఊరూరికీ అనుభవంమీద తెలిసింది.

ఆ తెలివి 2001 లో అక్కరకు వచ్చింది. జనవరి 26 ఉదయం కచ్ ప్రాంతంలో భూకంపం వచ్చి వేలమంది మరణించారు. ఇళ్ళు కూలిపోయాయి. సహాయం అందించడానికి వెళ్ళినవారిని అక్కడి స్త్రీలు "మాకు పని ఇప్పించండి" అని అడిగారు. గుడ్డా, దారమూ అందగానే డేరాల పక్కనే కూర్చుని కుట్టడం మొదలెట్టారు. ఏ ఊళ్ళో ఎవరు కుడతారో, ఎవరింట్లో పసిబిడ్డలున్నారో ఊళ్ళోని నాయకురాళ్ళకు తెలుసును. ప్రతిదానికీ అహమ్మదాబాదునుంచి కబురు రానక్కరలేదు.

ఇంకో సంగతి గమనించండి. ఇళా భట్ గారు 1996 లోనే ప్రధాన కార్యదర్శి పదవి విడిచారు. అంటే అంతటి ఆపద వచ్చిననాడు స్థాపించినావిడ పదవిలో లేరు. 2022 లో ఆవిడ కన్నుమూశారు. సంఘం మాత్రం నడుస్తూనే వుంది.

ఇందులో కష్టం లేదనను. పదిమందికీ నేర్పాలంటే పని ఆలస్యమవుతుంది, మాటా మాటా వస్తుంది. "ఆవిడైతే చిటికెలో చేసేది" అనిపిస్తుంది. అయినా ఓపిక పట్టాలి.

సోదరికి నా సలహా ఇది. ముందు అందరూ ఒకచోట కూర్చుని, ఎవరికి తెలిసింది వారు చెబుతుంటే ఒక పుస్తకంలో రాయండి. సగం లెక్క అక్కడే తేలుతుంది. మిగిలింది కార్యదర్శిగారికి నిష్ఠూరం లేకుండా ఉత్తరం రాసి అడగండి. ఇకమీదట బజారుకు ఎప్పుడూ ఇద్దరు వెళ్ళండి. ఆ ఇద్దరిలో ఒకరు ప్రతినెలా మారాలి. నెలకోసారి జమాఖర్చు అందరిముందూ పైకి చదవండి. పిండిలో ఉప్పూ, ఇంగువా పాళ్ళు కూడా పుస్తకానికి ఎక్కించండి. కార్యదర్శి పక్కన ఎప్పుడూ ఇంకొకరు పని నేర్చుకుంటూ వుండాలి.

ఆరునెలలు ఇలా నడిపి చూసి, ఎలా వుందో నాకు రాయండి.