నాలుగు వందల గుర్రాలూ, ఒక ఆడపిల్లా

మా అక్క కూతురు కారు కొనుక్కుంటానంది. ఆ ఒక్క మాటతో మా కుటుంబంలో మగవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు మొదటిసారి సరిగ్గా లెక్క తెలిసింది.

పిల్ల ఉండేది అమెరికాలో, టెక్సాస్‌లో. తన ఉద్యోగం తనది, దాచుకున్న డబ్బు తనది. కొనేది కూడా షోకుకి కాదు, ఆటోక్రాస్ పోటీల కోసం. పోయిన ఏడాది అక్టోబరులో నేనూ మావారూ అక్కడికి వెళ్ళేసరికి ఇంట్లో పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా ఇదే చర్చ. మా బావగారు "కొంటే మస్టాంగ్ కొనాలి, నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్!" అన్నారు. మావారు "ఆడపిల్ల కదా, ఎస్‌యూవీ అయితే క్షేమం" అన్నారు. విజయవాడ నుంచి మా పెదబాబాయి ఫోన్లో "గేర్లు లేని బండి తీసుకోమ్మా, సుఖం" అన్నాడు. అడగని వాళ్ళందరూ చెప్పారు. "అసలు ఆ ఆటేమిటే అమ్మాయ్?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నేను అడిగాను. గొప్పకి చెప్పడం లేదు, నాకు కార్ల గురించి ఏమీ తెలీదు గనక అడిగాను. తెలిసినవాళ్ళకి ఆ అవసరం రాదు కదా!

రేసు అనగానే మనకి సినిమాల్లో ఒకదాన్నొకటి రాసుకుంటూ దూసుకుపోయే కార్లు గుర్తొస్తాయి. ఇది అది కాదు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలోనో, పాత రన్‌వే మీదో నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, మన మెలికల ముగ్గులాంటి దారి వేస్తారు. ముందు అందరూ ఆ దారి వెంట నడిచి మలుపులు గుర్తుపెట్టుకుంటారు. తర్వాత ఒక్కో కారూ వంతులవారీగా వెళ్ళి గడియారంతో పోటీ పడుతుంది. మొత్తం పరుగు సాధారణంగా నిమిషానికి అటూ ఇటూ. చాలామటుకు రెండో గేరులోనే. కోను తగిలి పడిందా, రెండు సెకండ్లు కలుపుతారు. దారి తప్పారా, ఆ పరుగు లెక్కలోకే రాదు. కాలం కొలిచేది సెకండులో వెయ్యోవంతు దాకా. అలాంటి చోట రెండు సెకండ్లంటే ఎంత నష్టమో మీరే ఊహించుకోండి.

ఇక అసలు సంగతి. అమెరికాలో ఈ ఆటకి నియమాలు రాసే పెద్ద సంస్థ స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944లో పుట్టింది. వాళ్ళు కార్లన్నిటినీ ఒకే గాటన కట్టరు. పెద్దగా మార్పులు చెయ్యని కార్లకి స్ట్రీట్ అని ఒక విభాగం. అందులోనే సూపర్ స్ట్రీట్ పోను, ఎ నుంచి హెచ్ దాకా తరగతులు. ఏ కారు ఏ తరగతిలోకి వస్తుందో నియమాల పుస్తకంలో ఉంటుంది. అంటే బలమైన కారు కొన్నంత మాత్రాన బలహీనమైన కార్లని ఓడించి కప్పు పట్టుకొచ్చేయడం కుదరదు. బలమైన కారు కొంటే బలమైన కార్లతోనే పోటీ.

కాబట్టి ముందు ఎంచుకోవలసింది కారుని కాదు, తరగతిని. ఆ తరగతిలో ఏ కారు నెగ్గుకు రాగలదో, అది మన ఒంటికీ, మన పర్సుకీ సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఇంత చిన్న విషయం మా ఇంట్లో ముగ్గురు ఇంజనీర్లకి తట్టలేదు!

బావగారి గుర్రాల లెక్కే చూద్దాం. 2015 నాటి మస్టాంగ్ జీటీ అయిదు లీటర్ల ఇంజను, 435 హార్స్‌పవర్. బరువు దాదాపు 1,680 కిలోలు. 1989లో వచ్చిన మొదటి మాజ్దా మియాటా 116 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోలకి లోపే. మస్టాంగ్ చెడ్డదని కాదు. దాని తరగతిలో దానికీ మంచి డ్రైవర్లున్నారు. కానీ ఒక మలుపు తిరగ్గానే ఇంకో మలుపు ఎదురయ్యే చోట ఆ 435 గుర్రాలూ ఎక్కడ పరుగెత్తాలి? మా పిల్ల అయిదడుగుల ఒక అంగుళం. ఒకరి మస్టాంగ్‌లో కూర్చుని చూసింది. ఆ పొడుగాటి ముక్కు అవతల కోను ఎక్కడుందో కనబడలేదు. కనబడని కోనుని తప్పించడానికి ఎన్ని గుర్రాలుంటే మాత్రం ఏం లాభం చెప్పండి!

మావారి ఎస్‌యూవీ సంగతి ఇంకా అందంగా ఉంది. ఎత్తెక్కువై వెడల్పు తక్కువైన బండ్లు మలుపుల్లో బోర్లా పడతాయన్న భయంతో ఈ పోటీలకి రానివ్వరట! ఆడపిల్లకి క్షేమమని ఈయన ఎంచిన బండిని, క్షేమం కాదని వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. ఇది విన్నాక మావారు కాసేపు పేపరు చదువుకున్నారు.

ఇంకో మోసం పాత కార్లలో ఉంది. ఎవరో కుర్రాడు ముచ్చటపడి స్ప్రింగులు మార్చి, కారుని నేలకి దించి, చవగ్గా అమ్ముతుంటాడు. చూడ్డానికి రేసు కారులా ఉంటుంది. మన బావగార్లు "అన్నీ చేయించి ఉన్నాయమ్మా, కలిసొస్తుంది" అంటారు. కానీ ఆ స్ప్రింగులతో అది స్ట్రీట్ విభాగంలోంచి బయటపడినట్టే. ఇక అంతకంటే ఎన్నో మార్పులు చేయించుకొచ్చిన వాళ్ళతో తలపడాలి. కలిసొచ్చిందనుకున్నదే కొంప ముంచుతుంది. ఏ మార్పూ లేని కారు కొనుక్కుని, మిగిలిన డబ్బు మంచి టైర్లకీ, ప్రవేశ రుసుములకీ పెట్టుకోవడం తెలివి. ఆ టైర్లకీ నియమముంది. స్ట్రీట్‌లో అరుగుదల అంకె 200కి తగ్గకూడదు.

ఓ ఆదివారం నన్నూ పోటీకి తీసుకెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళకి విడిగా తరగతులున్నాయి. ఇష్టమైతే అందరితో కలిసీ పోటీ చేయొచ్చు. ఆడవాళ్ళ తరగతి అవమానమని కొందరంటారు. నేననను. సినిమా హాళ్ళలో ఆడవాళ్ళ క్యూ లేకపోతే మనలో చాలామంది మొదటాట చూసేవాళ్ళమే కాదు. కానీ క్యూ వేరైనంత మాత్రాన సినిమా వేరు కాదు కదా! ఆ కోన్లే, ఆ గడియారమే, ఆ రెండు సెకండ్లే. అందుకని "ఆడవాళ్ళకి ఇది చాల్లే" అని కారు ఎంచడం మాత్రం నేనొప్పుకోను.

ఒకే కారుని ఇద్దరు తోలడం కూడా అక్కడ మామూలే. కొన్ని జంటల్ని చూశాను. ఆయన పరుగు ముగించి దిగుతాడు, ఈవిడ సీటు ముందుకి జరుపుకుని ఎక్కుతుంది. ఖర్చు కలిసొస్తుంది, సరదా కూడాను. ఇందులో తప్పేం లేదంటారు కొందరు. నిజమే, లేదు. నేనడిగేది ఒక్కటే. ఆ కారు కొన్నరోజున స్టీరింగు ముందు ఇద్దరూ కూర్చుని చూశారా? లేక ఆయన కూర్చున్నాడు, ఆవిడ పక్కన కూర్చుని "బావుందండీ" అందా? అక్కయ్య కొలతలకి కుట్టించిన జాకెట్టు తొడుక్కుని, భుజాలు పట్టడం లేదని మనల్ని మనమే తిట్టుకున్నట్టుంటుంది ఆ వ్యవహారం.

ఇంత ఆవేశం దేనికని మీకనిపించవచ్చు. చెప్తాను. బి.ఏ. చదివే రోజుల్లో నేను మా నాన్నగారి మారుతి 800 తోలేదాన్ని. లారీల మధ్యనుంచి గుంటూరు దాకా వెళ్ళొచ్చేదాన్ని. పెళ్ళయ్యాక మావారు పెద్ద కారు కొన్నారు. "ఇది నీ చేతికి రాదులే, డ్రైవరున్నాడుగా" అన్నారు. సరేనన్నాను. ఆయన నన్ను తోలొద్దనలేదు సుమండీ! ఆయన చేసిందల్లా కారు ఎంచడమే. దాంతోనే పనైపోయింది. నా లైసెన్సు బీరువాలో పట్టుచీరల కింద ఎప్పుడు చెల్లిపోయిందో నాకే తెలీదు.

కారు ఎంచడమంటే ఆ కారు ఎవరు తోలతారో ఎంచడం. మగవాళ్ళకి ఈ సంగతి తెలిసే చేస్తారని నేననను. తెలీకుండా, ప్రేమగా, మన క్షేమం కోరే చేస్తారు. మనం కూడా ప్రేమగానే పక్క సీట్లోకి జరిగిపోతాం.

మా పిల్ల జరగలేదు. అందరి మాటా విని, ఎవరి మీదా విసుక్కోకుండా, ఏ మార్పులూ లేని పాత మియాటా ఒకటి వెతికి కొనుక్కుంది. గేర్లున్నదే. మేం తిరుగు ప్రయాణమయ్యే ముందు దాంతో తొలి పోటీకి వెళ్ళింది. గెలవలేదు. వేగమైన పరుగులోనే కోను పడగొట్టి రెండు సెకండ్లు పోగొట్టుకుంది. "మస్టాంగ్ అయితేనా..." అని బావగారు మొదలుపెట్టారు. "నాన్నా, ఆ కోను నాకు స్పష్టంగా కనబడింది. తప్పు నాది" అంది పిల్ల నవ్వుతూ. తప్పు నాది అని అంత దర్జాగా చెప్పుకోవాలంటే ముందు ఎంపిక నాదై ఉండాలి. ఆ దర్జా కోసమే ఇదంతా.

ఇంటికొచ్చి నేను మళ్ళీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను. మావారు మంచివారే. "సరే, నీకో చిన్న కారు చూస్తాను. రంగు ఏది కావాలో చెప్పు" అన్నారు.

"రంగు మీరు చూడండి, మిగతావి నేను చూసుకుంటాను" అన్నాను.