ఎర్ర గుంపు మీద గాలం వేయకండి

వేసవి సెలవులు వచ్చాయంటే గోదావరిఖని, రామగుండం కాలనీల పిల్లలకు గాలం గుర్తుకొస్తుంది. ఫస్ట్ షిఫ్ట్ దిగివచ్చిన నాన్నతోనో, పొరుగింటి అన్నతోనో కలిసి వెదురుకర్ర, దారం, బెండు, డబ్బాలో నాలుగు ఎర్రలు పట్టుకొని చెరువుగట్టుకు బయలుదేరుతారు. ఇది చెడ్డ అలవాటని నేననను. బెండు ఎప్పుడు మునుగుతుందా అని గంటసేపు కదలక కూర్చున్నవాడు నీటిని గురించి నేర్చుకొన్నంత, పాఠం బట్టీపట్టినవాడు నేర్చుకోడు. నీళ్ళు నిండిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతల వైపు మాత్రం పోకండి. అక్కడ ఒడ్డు నిట్టనిలువుగా ఉంటుంది, జారితే పట్టు దొరకదు.

అయితే ఒక చేప విషయంలో, ఒక సమయంలో, గాలం పైకి తీసేయాలని నా వాదన. ఆ చేప కొర్రమీను. మన వైపు కొర్రమట్ట అని కూడా అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

ఎండాకాలం చెరువును తెల్లవారుజామున చూశారా? బొచ్చె, రవ్వు వంటి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకొని ఆయాసపడుతుంటాయి. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మాత్రమే. పైగా రాత్రంతా నాచు, నీటిమొక్కలు కూడా శ్వాసిస్తూ అందులో వాటా తీసుకొంటాయి. కనుక తెల్లవారేసరికి నీటిలో ప్రాణవాయువుకు కరువు.

కొర్రమీను తీరు వేరు. అది పైకి వస్తుంది, గుటుక్కున గాలి మింగుతుంది, కిందికి పోతుంది. దాని తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చే గది ఒకటి ఉన్నది. పైకి రానివ్వకుండా ఆపితే అది నీటిలోనే ఊపిరాడక చస్తుంది! చెరువు ఎండి బురదగా మారినా, ఆ తడిలో దూరి వానల దాకా ప్రాణం నిలుపుకోగలదు. నిండు చెరువులోని చేపలలో మే నెల చివరకు మిగిలేవి కొన్నే. ఆ కొన్నింటిలో కొర్రమీనుది మొదటి స్థానం.

తొలకరి పడగానే ఆ మిగిలిన జంటలే గుడ్లు పెడతాయి. గట్టు దగ్గర, లోతు లేని చోట, నాచును తొలగించి చిన్న జాగా చేసుకొంటాయి. గుడ్లు నీటిపైన తేలుతాయి. ఒకటి రెండు రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. కొన్నాళ్ళకు ఆ వేల పిల్లలు ఎర్రటి గుంపుగా, నీటిలో కుంకుమ చల్లినట్లు కదులుతాయి. కింద తల్లి, తండ్రి కాపలా తిరుగుతుంటాయి. కప్ప వచ్చినా పరక వచ్చినా ఎగబడి తరుముతాయి.

వేటలో ఆరితేరినవారికి ఈ సంగతి తెలుసు. ఎర్ర గుంపు మధ్యలో కప్పను గుచ్చిన గాలం వేస్తారు. కొర్రమీను ఆకలితో కాదు, కోపంతో దాన్ని కరుస్తుంది. కాపలా పోతుంది. దిక్కులేని పిల్లలు పరకలకు, పాములకు, కొంగలకు ఆహారమవుతాయి. ఒక గాలానికి పడింది ఒక చేప, పోయింది ఒక తరం.

ఇలాంటి కథే భూగోళం అవతల కూడా ఉన్నది. అమెరికా, కెనడాల ఉత్తర సరస్సులలో బాస్ అనే చేప ఉంటుంది. దాని గూటికి తండ్రి ఒక్కటే కాపలా. ఆ తండ్రిని పట్టి కాసేపటికి తిరిగి వదిలినా, ఈలోగా బ్లూగిల్ అనే చిన్న చేపలు గూటిలో పడి పిల్లలను తినేస్తాయని శాస్త్రజ్ఞులు గమనించారు. అందుకే కెనడాలోని ఆంటారియోలో చాలాచోట్ల ఆ కాపలా రోజులలో బాస్ వేట నిషేధం. విస్కాన్సిన్ రాష్ట్ర చేప మస్కీ. మన కొర్రమీనులాగే అదీ నాచులో పొంచి వేటాడుతుంది. నీరు బాగా వేడెక్కిన రోజులలో, పట్టి వదిలినా అది బతకదని, అక్కడి వేటగాళ్ళు చాలామంది తామే గాలం మానుకొంటారు.

మరి మన దగ్గర? మృగశిర కార్తె ప్రవేశించే జూన్ 7, 8 తేదీలలో ఇంటింటా చేపల కూర ఉండాలి. బజారులో కొర్రమీను ధర ఆకాశానికి పోతుంది. హైదరాబాదులో అయితే ఉబ్బసం మందు పేరిట బతికున్న కొర్రమీను పిల్లలనే మింగిస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనటానికి శాస్త్రీయమైన రుజువు లేదు, అది వేరే చర్చ. అది గుడ్లకు సిద్ధమవుతున్న రోజులలోనే మనకు దానిమీద మోజు ఎక్కువ!

“ప్రభుత్వం ఏటా చెరువుల్లో చేపపిల్లలు వదులుతున్నది గదా” అని మీరు అడగవచ్చు. నిజమే, 2016 నుంచి ఉచితంగా వదిలే పథకం మొదలైంది. కాని అలా వదిలేవి చాలావరకు బొచ్చె, రవ్వు, మ్రిగాల, బంగారుతీగ. కొర్రమీను ఎక్కువగా తన సంతానంతోనే తాను నిలవాలి. “నేను పట్టకపోతే మరొకడు పడతాడు” అని మరొక మాట. పట్టవచ్చు. అయినా చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. కొర్రమీను లేకపోతే ముందు నష్టపోయేది వారే. మీ గట్టున ఎర్ర గుంపు ఎక్కడున్నదో వెళ్ళి వారికే చెప్పండి.

అంతవరకు మీ గాలానికి పరకలు చాలు. అవి దండిగా ఉంటాయి, వేపుడుకూ బాగుంటాయి. ఇక ఈ జూన్‌లో గట్టు దగ్గర ఎర్ర గుంపు కనిపిస్తే, తేదీ నోటుబుక్కులో రాసుకోండి. రోజూ అదే వేళకు వెళ్ళి, అడుగుల చప్పుడు కాకుండా కూర్చోండి. పిల్లల ఎరుపు తగ్గి గోధుమరంగు వచ్చిన తేదీ, గుంపు విడిపోయిన తేదీ కూడా రాసి మాకు పంపండి.