సముద్రం లెక్కలు అందరివీ... డిస్కులు మాత్రం ఎవరివి వారివే!
చిన్న పరిశోధక బృందాలకు కావలసింది ఉమ్మడి పెట్టె, ఒక రిజిస్టరు

తార్నాక: 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు మీద కుండపోతగా వాన కురిసింది. శివారులోని ఘట్‌కేసర్‌లో 30 సెంటీమీటర్లు దాటింది. ఆ వాన పుట్టింది ఇక్కడ కాదు, బంగాళాఖాతంలో. ఆ ఉదయం కాకినాడ వద్ద తీరం దాటిన తీవ్ర వాయుగుండం అక్కడే చల్లారిపోకుండా తెలంగాణ మీదుగా పడమటికి నడిచింది. అంటే సముద్రం ఎంత వేడిగా వుందో, గాలి ఎటు వీస్తోందో తెలియడం మూసీకి దగ్గరలో వున్న గోల్నాక వాసికి కూడా అవసరమే.

1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తిననాడు ముందుగా చెప్పే సాధనం లేదు. ఇప్పుడు సమాచారానికి కొరత లేదు. విచిత్రమేమంటే, ఇంత సమాచారం వున్నా ఒకే గదిలో కూర్చున్న నలుగురు పరిశోధకులు దాన్ని పంచుకోలేక యిబ్బంది పడుతున్నారు.

ఉచితంగానే దొరుకుతోంది

నగరంలోని ప్రగతినగర్‌లో వున్న ఇన్‌కాయిస్ సంస్థ 1999లో ఏర్పడింది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పడం, 2007 నుంచి సునామీ హెచ్చరికలు యివ్వడం దాని పనుల్లో కొన్ని. సముద్రంలో తేలే ఆర్గో యంత్రాల లెక్కలకు హిందూ మహాసముద్ర ప్రాంతీయ కేంద్రం కూడా అదే. ప్రపంచ సముద్రాల్లో యిటువంటివి దాదాపు 4,000 వున్నాయి. ఒక్కొక్కటి సుమారు పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. ఆ లెక్కలు ఒక రోజులోపే ఎవరికైనా ఉచితంగా అందుతాయి.

యూరప్ వాతావరణ కేంద్రం కంప్యూటర్ నమూనాతో తయారు చేసిన ‘ఎరా-5’లో 1940 నుంచి గంటగంటకూ ప్రపంచ వాతావరణం లెక్కలున్నాయి. అదీ ఉచితమే. మన వాతావరణ శాఖ 1901 నుంచి దేశంలో కురిసిన రోజువారీ వానను గళ్ల రూపంలో అందిస్తోంది.

తేడా ఎక్కడ వస్తోంది?

చిన్న బృందమంటే ఒక గైడు, నలుగురైదుగురు విద్యార్థులు. దేశంలో ఎక్కడైనా పరిస్థితి దాదాపు యిదే. కావలసిన ఫైలును ఎవరికి వారే దింపుకొంటారు, ఎవరి డిస్కులో వారు దాచుకొంటారు. పేరు ‘కొత్తది’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అని పెడతారు. పట్టా రాగానే విద్యార్థి వెళ్లిపోతాడు. డిస్కూ అతనితోనే పోతుంది. తరువాత వచ్చినవాడు మళ్లీ మొదటికి వస్తాడు.

డబ్బు, కాలం వృథా కావడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. లెక్కే తప్పడం అసలు ప్రమాదం. ఆ అక్టోబరు వాననే తీసుకుందాం. వాతావరణ శాఖ ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు కురిసిన వానను కలిపి, ముగిసిన రోజు తేదీ వేస్తుంది. కనుక 13 రాత్రి వాన 14వ తేదీ కింద వుంటుంది. ఎరా-5 గ్రీనిచ్ కాలం ప్రకారం నడుస్తుంది. మన తెల్లవారు జామున 5.30కు గాని దానికి తేదీ మారదు. అందులో అదే వాన 13వ తేదీ కిందికి వస్తుంది. ఒకటి మిల్లీమీటర్లలో, మరొకటి మీటర్లలో వుంటుంది. ఈ సంగతి ఒకరికి తెలిసి పక్కవారికి చెప్పకపోతే, నమూనా వానను ఒక రోజు ముందే చూపిందని పొరబడే వీలుంది.

ఇంకొక చిక్కు కూడా వుంది. ఎరా-5 లెక్క సుమారు ఐదు రోజుల్లో తాత్కాలికంగా వస్తుంది. రెండు మూడు నెలల తరువాత ఖాయపరచిన లెక్క దాని స్థానంలో చేరుతుంది. ఆర్గో కొలతలను కూడా తరువాత సరిచూసి దిద్దుతారు. కాబట్టి ఫైలు ఏనాడు దింపిందో రాసి వుండకపోతే, ఇద్దరి జవాబులు ఎందుకు కలవలేదో ఎవరూ చెప్పలేరు.

పరిష్కారం ఖరీదైనది కాదు

ఎరా-5లో ఒక్క అంశాన్ని, ప్రపంచమంతటికీ, ఏడాది పాటు గంటగంటకూ తీసుకుంటే సుమారు 18 గిగాబైట్లు అవుతుంది. బంగాళాఖాతం, దాని తీరం మాత్రమే కోసి తీసుకుంటే దాదాపు 140 మెగాబైట్లు చాలు. ఐదుగురు పదేళ్ల ప్రపంచాన్ని విడివిడిగా దింపుకొంటే 900 గిగాబైట్లు. ఒక్కరు ఒక్కసారి కావలసిన ముక్క తెచ్చి అందరికీ పెడితే ఒకటిన్నర గిగాబైట్లు కూడా కాదు. ఇలా ముక్క కోసి యిచ్చే సదుపాయం ఆ సంస్థల దగ్గరే వుంది.

బృందానికొక ఉమ్మడి కంప్యూటరు, దానికి మరోచోట నకలు వుండాలి. అసలు ఫైళ్లను ఎవరూ దిద్దకుండా తాళం వేయాలి. ఒక రిజిస్టరు పెట్టి ఫైలు ఎక్కడిది, ఏ తేదీన తెచ్చారు, ఏ కాలమానం, ఏ కొలత, ఎవరు తెచ్చారు అన్న ఐదు సంగతులు రాయాలి. సొంతంగా నడిపిన నమూనా ఫలితాలన్నీ దాచడం సాధ్యం కాకపోతే, దాన్ని నడిపిన ఆదేశాల ఫైళ్లనైనా దాచాలి. వాటితో మళ్లీ నడపవచ్చు. పట్టా చేతికి వచ్చే ముందు గ్రంథాలయం పుస్తకాలు అప్పగించినట్టే ఈ లెక్కలనూ అప్పగించే నిబంధన వుండాలి.

‘కష్టపడి చేసింది ముందే యిస్తే ఇంకొకరు రాసేసుకుంటారు’ అన్న భయం విద్యార్థుల్లో వుండటం సహజం. బయట నుంచి తెచ్చిన లెక్కలు దాచుకోవడానికి అది కారణం కాదు. సొంత ఫలితాల విషయంలో మాత్రం వ్యాసం వెలువడేదాకా ఆగే గడువు, తరువాత వాడుకున్నవారు పేరు చెప్పే కట్టుబాటు పెట్టుకుంటే సరిపోతుంది.

దేశాలే ఈ పని చేస్తున్నాయి. వాతావరణ సమాచారాన్ని ఉచితంగా యిచ్చిపుచ్చుకోవాలని ప్రపంచ వాతావరణ సంస్థ 1995లో తీర్మానించింది. 2021లో దాన్ని సముద్రాలకు కూడా విస్తరించింది. మన దేశంలో ప్రభుత్వ సమాచారాన్ని పంచుకొనే విధానం 2012లో వచ్చింది. ఉస్మానియా ఆవరణ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ దగ్గరలోనే వున్న తార్నాకకు ఈ మాట కొత్త కాదు. ఖండాలు దాటి వచ్చిన లెక్క పక్క బల్లకు చేరాలంటే గైడ్లే పూనుకోవాలి. ఈ విద్యా సంవత్సరంలోనే రిజిస్టరు తెరిస్తే, వచ్చే ఏడాది చేరే విద్యార్థి పాత పనిని మళ్లీ చేయకుండా కొత్త ప్రశ్నతో మొదలుపెడతాడు.